అగ్నికి వెఱవని నార

గోడలకు పూయు మట్టిలో మన గ్రామవాసులు గడ్డిని త్రొక్కి కలుపుదురు. గడ్డి లేని పూత ఎండినంతనే నెఱ్ఱెలు విచ్చును. గడ్డి కలిసిన పూతలో పగులు పుట్టినను దూరము ప్రాకజాలదు. ఈ చిన్న సంగతియే నేడు విమానయంత్రములకును ఉపకరించుచున్నది.

లోహము దెబ్బకు సొట్టపడునుగాని సులభముగ విఱుగదు. అయినను మితిమీరిన వేడికి మెత్తబడును. పింగాణిజాతి వస్తువు వేడికి లొంగదు. కాని దెబ్బ తగిలినచో పగులును. బోధనునందు 1937లో స్థాపింపబడి 2015లో మూతపడిన నిజాం చక్కెర కర్మాగారమును పెద్ద లెఱుగుదురు. అట్టి కర్మాగారములలో చెఱకుపిప్పిని మండించు బాయిలరు పొయ్యిలకు అగ్నిని సహించు ఇటుకలను పేర్చుదురు. ఆ యిటుకలు గోడలో కదలక యుండును గాన నిలుచును. విమానయంత్రమున కట్టి నెమ్మది యెక్కడిది?

ఇందుకు ఉపాయము నారయే. జపానుదేశ శాస్త్రజ్ఞుడు సెయిషి యజిమా 1975లో సిలికాను కార్బైడును వెండ్రుకకంటె సన్నని నారగా చేయు విధమును ప్రకటించెను. ఆ నారను నేసి, సందులను ఆ పదార్థముతోనే నింపుదురు. ఇం దొక రహస్యము కలదు. నార తన చుట్టునున్న పదార్థముతో మిక్కిలి గట్టిగా అతుకుకొనరాదు. అతుకుకొన్నచో పగులు నారను గూడ తెంపును. అందుచే నారకు బోరాను నైట్రైడు పలుచని పూత నిత్తురు. పగులు ఆ పూతకడ ప్రక్కకు మరలి బలము కోల్పోవును. నికెలు మిశ్రలోహముల బరువులో సుమారు మూడవవంతు మాత్రమే తూగు ఈ వస్తువు సుమారు 1300 సెంటిగ్రేడు డిగ్రీల వేడి నోర్చును. 2016లో ప్రయాణికుల విమానములలో వాడుకకు వచ్చిన లీప్ యంత్రములయం దిది కలదు.

మన హైదరాబాదు రక్షణ పరిశోధనశాలల కృషిచే 1989 మే 22వ తేదీన చాందీపూరునుండి ఎగసిన అగ్ని క్షిపణికి కర్బననారతో చేసిన కవచమే రక్షణ.

అయినను ఏ కవచమును అభేద్యము కాదు. 2003 జనవరిలో కొలంబియా వ్యోమనౌక పైకెగయునప్పుడు తొట్టినుండి ఊడిన నురుగుముక్క యొకటి ఎడమ ఱెక్క అంచున నున్న కర్బనకవచమును ఛేదించెను. ఫిబ్రవరి 1న నౌక మరలివచ్చునపుడు ఆ రంధ్రముగుండ కాలు వాయువులు లోనికి చొచ్చెను. కల్పనా చావ్లాతో కూడ ఏడుగురు మరణించిరి. వేడిని జయించిన కవచము దెబ్బకు ఓడెను. అటుపిమ్మట 2005 నుండి అట్టి నౌకలను ఆకాశముననే పరీక్షించిన తరువాతగాని దింపలేదు.

విద్యార్థులారా! వస్తువుయొక్క బలమును తెలిసికొనుట విద్యలో సగము. దాని బలహీనతను తెలిసికొనుట తక్కిన సగము.