తెల్లవారుజాము టకటక: డీజిల్ ఇంజన్‌, దాని ఆయిల్‌ కథ

పులివెందుల తోటల్లో అరటిగెలలు, బత్తాయిలు ఎత్తుకునే పిక్-అప్ బండ్లు తెల్లారకముందే కదలాలి. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు నాపరాళ్లు మోసేవీ అంతే, ప్రొద్దుటూరు మార్కెట్టుకు కూరగాయలు తెచ్చేవీ అంతే. రాత్రంతా నిలబడిన బండికి తాళం తిప్పి సెల్ఫ్ కొట్టగానే బానెట్ కింద టకటకమని మోత లేస్తుంది. కాసేపటికి తగ్గిపోతుంది. "అన్నా, పొద్దున్నే స్టార్ట్ చేస్తే టకటక కొడతాండాది, రోంతసేపుంటే పోతాది" అని డ్రైవర్ చెబితే, "ఏం కాదులే అబ్బీ, ఈసారి రోంత చిక్కటి ఆయిల్ పోయించు" అనే జవాబు షెడ్లలో మామూలే.

చిక్కటి ఆయిల్ పోస్తే మోత కొంత తగ్గొచ్చు. మోతకు కారణం మాత్రం లోపల అలాగే ఉంటుంది. పైగా ఇంజన్‌కు ఆయిల్ అత్యవసరమైన ఆ మొదటి క్షణాల్లోనే అది మరింత ఆలస్యంగా అందుతుంది. ఎందుకిలా జరుగుతుందో తెలియాలంటే ఇంజన్ ఎలా పుట్టిందో, దాని ఆయిల్ ఎలా మారుతూ వచ్చిందో చూడాలి.

వేరుశనగ నూనెతో నడిచిన ఇంజన్

రుడాల్ఫ్ డీజిల్ 1858లో పారిస్‌లో పుట్టిన జర్మన్. శీతలీకరణ యంత్రాలకు పేరుపడ్డ కార్ల్ ఫాన్ లిండే దగ్గర చదువుకున్నాడు. ఆ కాలపు ఆవిరి యంత్రాలు బొగ్గులోని శక్తిలో పదో వంతును కూడా పనిగా మార్చలేక అవస్థపడేవి. గాలిని గట్టిగా నొక్కితే అదే వేడెక్కుతుంది, ఆ వేడికి ఇంధనం తనంత తానే అంటుకుంటుంది, నిప్పురవ్వతో పనే లేదు అన్నది డీజిల్ ఆలోచన. 1893లో ఆగ్స్‌బర్గ్‌లో చేసిన తొలి పరీక్షలో ఒత్తిడి కొలిచే పరికరం పేలిపోయింది. 1894 ఫిబ్రవరిలో ఇంజన్ సుమారు ఒక నిమిషం పాటు సొంతంగా తిరిగింది. 1897లో కొలిచి చూస్తే ఇంధన శక్తిలో 26 శాతానికి పైగా పనిగా మారింది. అప్పటికి అది అపూర్వం.

1900 పారిస్ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజన్‌ను వేరుశనగ నూనెతో నడిపారు. ఫ్రెంచి ప్రభుత్వం కోరిక మీద ఆటో కంపెనీ ఆ పని చేసిందని, నూనె మారిన సంగతి చూసేవారిలో చాలామంది గుర్తించనే లేదని డీజిలే తర్వాత చెప్పాడు. వేరుశనగ పండించి, గానుగలాడించి బతికిన మన సీమ వాళ్లకు ఇది తెలిసి ఉండాల్సిన సంగతి. అయితే అది రోజువారీ ఇంధనంగా నిలవలేదు. 40 డిగ్రీల వేడి దగ్గర డీజిల్ చిక్కదనం 2 నుంచి 4.5 సెంటిస్టోక్స్ ఉంటే, వేరుశనగ నూనెది 40కి దగ్గరగా ఉంటుంది. అంత చిక్కటి నూనెను నాజిల్ సన్నగా చిమ్మలేదు. సరిగా కాలని నూనె మసిగా పేరుకుంటుంది.

1913లో డీజిల్ ఓడలో ఇంగ్లండు వెళ్తూ సముద్రంలో మాయమయ్యాడు. అప్పటికి ఆయన ఇంజన్ కార్ఖానాలకు, ఓడలకు పనికొచ్చేంత పెద్దది, బరువైనది. 1927లో బాష్ కంపెనీ ఇంధన పంపు తయారీ మొదలుపెట్టాక అది లారీల్లో విస్తరించింది, 1936లో మెర్సిడెస్ 260డీ రూపంలో కారుకూ ఎక్కింది. మన దగ్గర బావుల గట్ల మీద 'ఆయిల్ ఇంజన్'గా నీళ్లు తోడింది. 1980లలో ప్యూజో డిజైను డీజిల్ ఇంజన్లు మహీంద్రా జీపుల్లోకి వచ్చాయి. 2000లో బొలేరో, 2005లో టాటా ఏస్ వచ్చాయి. ఆ తర్వాత మన ఊళ్లలో చిన్న సరుకు రవాణా చాలావరకు నాలుగు చక్రాల డీజిల్ బండ్ల చేతికి వచ్చింది.

మోత పుట్టే చోటు

డీజిల్ ఇంజన్‌కు టకటక పుట్టుకతో వచ్చిందే. సిలిండర్‌లో గాలి పదహారు, పద్దెనిమిది రెట్లు నొక్కుకుపోయి సుమారు 600 డిగ్రీలకు వేడెక్కుతుంది. అందులోకి చిమ్మిన డీజిల్ వెంటనే అంటుకోదు. ముందు ఆవిరి కావాలి, గాలితో కలవాలి. ఆ ఆలస్యం సెకనులో వెయ్యో వంతుకు అటూ ఇటూ ఉంటుంది. ఆ లోపు పోగైన డీజిల్ అంతా ఒక్కసారిగా మండితే ఒత్తిడి ఎగదన్ని పిస్టన్ మీద సుత్తిదెబ్బ పడుతుంది. చల్లటి ఇంజన్‌లో సిలిండర్ గోడలు గాలి వేడిని లాగేసుకుంటాయి కాబట్టి ఆలస్యం పెరుగుతుంది, దెబ్బా పెరుగుతుంది.

దీన్ని తగ్గించడానికి మూడు దారులు. ఒకటి, తొందరగా అంటుకునే డీజిల్. మన ప్రమాణాల ప్రకారం డీజిల్ సీటేన్ సంఖ్య కనీసం 51 ఉండాలి. రెండు, మంట పుట్టే గదిని ముందే వెచ్చబెట్టే హీటర్ ప్లగ్గులు. మూడు, కామన్ రైల్ పద్ధతి. ఇందులో అసలు డీజిల్‌కు ముందు ఒకటి రెండు ఘనపు మిల్లీమీటర్ల డీజిల్‌ను చిమ్మి, చిన్న మంట పుట్టించి, ఆ మంటలోకి మిగతాది పంపుతారు. కొత్త బండ్లు పాత జీపుల కంటే మెత్తగా పలకడానికి ముఖ్య కారణం ఇదే.

కానీ మన జిల్లాలో చలి ఎంతని? వేసవిలో 40 డిగ్రీలు దాటే కడపలో శీతాకాలపు తెల్లవారుజాము కూడా గడ్డకట్టే చలికి చాలా దూరం. కాబట్టి మన పొద్దుటి మోతలో చలి వాటా కొంతే. రాత్రంతా నిలబడినందువల్ల వచ్చే వాటా ఇంకొకటి ఉంది. అది ఆయిల్ సంగతి.

బిరడా తన్నేసిన ఆయిల్

1883లో ఇంగ్లండులో బోషాం టవర్ అనే ఇంజనీరు రైలు ఇరుసు బేరింగుల మీద ప్రయోగాలు చేస్తున్నాడు. ఆయిల్ పోయడానికి బేరింగ్ పైభాగంలో ఒక రంధ్రం చేశాడు. ఇరుసు తిరగగానే ఆ రంధ్రం నుంచి ఆయిల్ పైకి ఉబికి వచ్చింది. బిరడా పెట్టాడు, తన్నేసింది. కొయ్య మేకు దిగ్గొట్టాడు, దాన్నీ తన్నేసింది. ఒత్తిడి మీటరు బిగిస్తే, బేరింగ్ మీద సగటున పడుతున్న భారానికి రెట్టింపు దాటి చూపించింది. తిరిగే ఇరుసు ఆయిల్‌ను తన కిందికి లాక్కుని, ఆ పొర మీద తానే తేలుతోందన్న మాట. వాన నీళ్లు నిలిచిన రోడ్డు మీద వేగంగా పోయే టైరు నేలను వదిలి నీటి మీద తేలినట్టే ఇదీ. 1886లో ఆస్బర్న్ రేనాల్డ్స్ దీని వెనకున్న గణితాన్ని తేల్చాడు.

మన పిక్-అప్ ఇంజన్‌లో క్రాంక్ షాఫ్ట్ ఇలాగే కొద్ది మైక్రాన్ల ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఆ పొరకు తిరుగుడు కావాలి. బండి ఆగగానే షాఫ్ట్ బేరింగ్ మీద కూర్చుంటుంది, ఆయిల్ మెల్లగా కిందనున్న చాంబర్‌లోకి జారిపోతుంది. పొద్దున సెల్ఫ్ కొట్టినప్పుడు పంపు ఆ ఆయిల్‌ను మళ్లీ ఫిల్టర్ గుండా, కాలువల గుండా పైనున్న క్యామ్ దాకా ఎక్కించాలి. అందాకా లోహానికీ లోహానికీ మధ్య ఉండేది రాత్రి అంటుకుని మిగిలిన తడి, ఆయిల్‌లో కలిపిన జింకు, భాస్వరం మందు కట్టిన పలుచని పొర. ఆ కొద్ది సెకన్లలో యాక్సిలరేటర్ తొక్కి రేస్ చేయడం ఇంజన్‌కు చేసే అన్యాయం.

ఎద్దుబండి ఇరుసుకు ఆముదం కందెన పెట్టిన మన పెద్దలకు అంటుకునే గుణం విలువ తెలుసు. ఆముదం లోహాన్ని పట్టుకుని ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధపు విమానాల ఇంజన్లకు దాన్నే పోసేవారు. 1909లో వచ్చిన క్యాస్ట్రాల్ ఆయిల్ పేరు కూడా ఆముదం ఇంగ్లిషు పేరు నుంచే పుట్టింది. అయితే ఎక్కువ వేడికి ఆముదం బంకగా మారుతుంది. అందుకే ఇంజన్లు పెట్రోలియం ఆయిల్‌కూ, అందులో కలిపే మందులకూ మళ్లాయి.

డబ్బా మీది అంకెలు

15డబ్ల్యూ-40 అని రాసి ఉంటే, మొదటి అంకె చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. 15డబ్ల్యూ రకం సున్నాకు 25 డిగ్రీల కింద కూడా పంపుకు అందాలి. అంతటి చలి మనకు లేదు. రెండో అంకె 100 డిగ్రీల దగ్గరి చిక్కదనం. 40 రకం అక్కడ 12.5 నుంచి 16.3 సెంటిస్టోక్స్ లోపు ఉండాలి, 30 రకం 9.3 నుంచి 12.5 లోపు. ఇదే 15డబ్ల్యూ-40 ఆయిల్ 40 డిగ్రీల దగ్గర సుమారు 110 సెంటిస్టోక్స్ ఉంటుంది. అంటే కడప పొద్దుటి పూట ఏ ఆయిలైనా వేడెక్కిన ఇంజన్‌లో కంటే ఎన్నో రెట్లు చిక్కగానే ఉంటుంది. దానికి మనం ఇంకా చిక్కదనం చేర్చనక్కర్లేదు.

ఎండ ఎక్కువ కాబట్టి చిక్కటిది కావాలన్న వాదనలోనూ బలం తక్కువ. బయట 44 డిగ్రీలున్నా 30 ఉన్నా థర్మోస్టాట్, రేడియేటర్ సరిగా ఉంటే లోపలి నీళ్ల వేడి దాదాపు ఒకచోటే నిలబడుతుంది. ఇంజన్ చేసినవాళ్లు బేరింగ్ సందును బట్టి చిక్కదనం నిర్ణయించి బండి పుస్తకంలో రాశారు. దాన్ని మించిన సలహా లేదు.

అంకెల కంటే ఎక్కువగా చూడాల్సింది ఆయిల్ నాణ్యతను తెలిపే ఏపీఐ తరగతి. 2002లో సీఐ-4, 2006లో సీజే-4, 2016 చివర్లో సీకే-4 వచ్చాయి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లలో పొగ గొట్టం దారిలో మసిని పట్టే డీపీఎఫ్ ఉంటుంది. ఆయిల్ కాలితే మిగిలే బూడిద దాన్ని పూడ్చేస్తుంది కాబట్టి ఈ బండ్లకు బూడిద తక్కువగా ఉండే ఆయిల్ కావాలి. సీఐ-4 అడిగే పాత బండిలో సీకే-4 పోయవచ్చు, డీపీఎఫ్ ఉన్న బండిలో పాత రకం పోయకూడదు. ఆయిల్ మార్చే గడువు విషయంలోనూ పుస్తకమే కొలత. ఎర్రమట్టి తోట దారుల్లో, క్వారీ రోడ్లలో తిరిగే బండికి అందులో కఠినమైన వాడకానికి రాసిన తక్కువ గడువు వర్తిస్తుంది. మట్టిలోని ఇసుక రేణువు పిస్టన్ లోహం కంటే ఎంతో గట్టిది. గాలి ఫిల్టర్ చిరిగితే ఎంత మంచి ఆయిలూ బోరును కాపాడలేదు.

చెవితో పరీక్ష

మొదటి ప్రశ్న: ఇంజన్ వేడెక్కాక మోత తగ్గుతోందా, పెరుగుతోందా? దాదాపు అంతా దీని మీదే ఆధారపడి ఉంది.

రెండు మూడు సెకన్లు మాత్రమే గలగలమని, ఆయిల్ లైట్ ఆరగానే మోత ఆగితే, ఆయిల్ పైకి ఆలస్యంగా చేరుతోందని అర్థం. చాలా ఫిల్టర్లలో ఆయిల్ వెనక్కి జారకుండా ఆపే రబ్బరు పొర ఉంటుంది. నాసిరకం ఫిల్టర్‌లో అది గట్టిపడి ఆయిల్‌ను వదిలేస్తుంది. అసలైన ఫిల్టర్ వేస్తే మోత పోవచ్చు.

పైనుంచి సన్నగా టిక్ టిక్ అంటే ట్యాపెట్. సందు కొలిచి సరిచేయాలి. హైడ్రాలిక్ రకమైతే, రాత్రి ఖాళీ అయినది ఆయిల్ నిండగానే సద్దుమణుగుతుంది.

డొల్లగా టొక్ టొక్ అని, నీళ్లు వేడెక్కేకొద్దీ తగ్గితే పిస్టన్ బోరుకు కొట్టుకుంటోంది. అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది కాబట్టి వేడికి సందు మూసుకుంటుంది. కొద్దిగా ఉంటే గమనిస్తూ నడపవచ్చు. ఆయిల్ తినడం, నీలిపొగ తోడైతే బోరు పని దగ్గరపడినట్టే.

తెల్లపొగతో, కుంటుతూ కొడితే హీటర్ ప్లగ్గులు, నాజిళ్లు చూడాలి. పాత పంపు ఇంజన్‌లో అనుభవమున్న మెకానిక్ ఒక్కో నాజిల్ పైపు నట్టు వదులు చేసి, ఏ సిలిండర్ దగ్గర మోత ఆగుతుందో పట్టుకుంటాడు. కామన్ రైల్ బండిలో ఈ పని ఎవరూ చేయకూడదు. అక్కడ డీజిల్ వందల బార్ల నుంచి వెయ్యి దాటిన ఒత్తిడిలో ఉంటుంది, చర్మాన్ని చీల్చుకుని ఒంట్లోకి దిగుతుంది. దానికి స్కానరే దారి.

వేడెక్కేకొద్దీ పెరిగి, లోడు మీద బరువుగా ఠక్ ఠక్ అంటే కనెక్టింగ్ రాడ్ బేరింగ్. ఆయిల్ పలచబడగానే అరిగిన సందు బయటపడుతోంది. చిక్కటి ఆయిల్ ఎక్కువగా మోసగించేది ఇక్కడే. మోత కొన్నాళ్లు అణిగి, ఒకరోజు ఘాట్ మీద బేరింగ్ పట్టేసి, రాడ్ విరిగి బ్లాకును చీలుస్తుంది. ఈ మోత వినిపిస్తే బండి ఆపి ఆయిల్ ఒత్తిడి కొలిపించాలి.

చెవితో పాటు డిప్‌స్టిక్ కూడా మాట్లాడుతుంది. డీజిల్ బండిలో ఆయిల్ నల్లబడితే భయం లేదు, మసిని అది తనలో పట్టుకుంటోంది. పాలలా తెల్లబడితే నీళ్లు కలిశాయి. మట్టం పెరిగి డీజిల్ వాసన వస్తే ఇంధనం దిగి ఆయిల్‌ను పలచన చేస్తోంది. డీపీఎఫ్ బండ్లు మసిని కాల్చుకునే పని సగంలో ఆగిపోయేంత చిన్న ట్రిప్పులే తిరిగితే ఇలా జరుగుతుంది.

పొద్దుటి మోత దొరక్కపోవడానికి ఇంకో కారణముంది. పులివెందులలో కొట్టిన మోత ముద్దనూరు దాటి ప్రొద్దుటూరు షెడ్డుకు చేరేసరికి మాయమై ఉంటుంది. వేడి ఇంజన్‌ను విని మెకానిక్ ఏం చెప్పగలడు? బండిని సాయంత్రమే షెడ్డులో వదిలి, పొద్దున మొదటి సెల్ఫ్ ఆయన చేతనే కొట్టించండి. కుదరకపోతే ఫోన్లో ఆ మొదటి నిమిషం రికార్డు చేసి, ఆయిల్ లైట్ ఎప్పుడు ఆరిందో చెప్పండి. మిగతా రోజుల్లో స్టార్ట్ చేశాక అర నిమిషం ఐడిల్‌లో ఉంచి, వేడెక్కేదాకా మెల్లగా నడపండి. పది నిమిషాలు ఊరికే తిప్పనక్కర్లేదు.

ఈ బండ్లలో చాలావాటికి వాయిదాలు ఇంకా తీరి ఉండవు. ఒక ఇంటి సంపాదనంతా ఆ ఇంజన్ మీదే నడుస్తుంటుంది. సరైన ఫిల్టర్, పుస్తకంలో రాసిన ఆయిల్ ఎంత ఖరీదైనా క్రాంక్ పాలిష్‌కూ కొత్త బేరింగులకూ అయ్యే ఖర్చు ముందు అది చిన్న మొత్తం. మోత ఆపడానికి ఆయిల్ మార్చకండి. ముందు మోత ఎక్కడిదో తెలుసుకోండి, తర్వాతే డబ్బా మూత తీయండి.