రూము ప్రింటర్‌కు ఒకే అడ్రసు: రౌటర్‌లో పది నిమిషాల పని

మామీర్‌లో గ్యారేజీలు, వర్క్‌షాపుల మధ్య గదుల్లో ఉండే మనవాళ్ళు చాలామంది ఒకే ఇంటర్నెట్ కనెక్షన్‌ను కలిసి వాడుకుంటారు. నిన్న పనిచేసిన ప్రింటర్ ఇవాళ దొరక్కపోతే, పొద్దున్నే ఇంటర్వ్యూకు సీవీ తీసుకెళ్ళాల్సినవాడు "రౌటర్ ఎవరు ముట్టుకున్నారు?" అని కోప్పడతాడు. చాలాసార్లు ఎవరూ ముట్టుకుని ఉండరు.

రౌటర్ తన దగ్గరకొచ్చిన ప్రతి ఫోనుకూ, ప్రింటర్‌కూ ఒక ఐపీ అడ్రసు ఇస్తుంది. ఇది కొంత గడువుకే. ప్రింటర్‌ను కొన్నాళ్ళు ఆపి ఉంచితే ఆ నంబరు వేరే ఫోనుకు పోవచ్చు. సెలవు మీద ఊరెళ్ళి వచ్చేసరికి మన మంచం ఇంకొకరికి ఇచ్చినట్టన్నమాట. లాప్‌టాప్ మాత్రం పాత మంచం దగ్గరే వెతుకుతుంది.

మంచం మారినా మన సీపీఆర్ నంబరు మారదు కదా! ప్రింటర్‌కూ అలాంటిదే మ్యాక్ అడ్రసు. అంకెలు, అక్షరాలు కలిపి 12 ఉంటాయి. సాధారణంగా ప్రింటర్ మీద స్టిక్కర్‌పైనో, దాని సెట్టింగ్స్‌లోనో కనిపిస్తుంది.

ఇలా చేయండి. రౌటర్ స్టిక్కర్ మీది అడ్రసును (చాలావాటికి 192.168.1.1) బ్రౌజర్‌లో కొట్టి, పాస్‌వర్డుతో లోపలికి వెళ్ళండి. డీహెచ్‌సీపీ పేజీలో "అడ్రస్ రిజర్వేషన్" వెతకండి. ప్రింటర్ మ్యాక్ ఎదురుగా ఖాళీగా ఉన్న నంబరు, ఉదాహరణకు 192.168.1.50 రాసి సేవ్ చేయండి. ప్రింటర్‌ను ఆపి మళ్ళీ వేయండి. లాప్‌టాప్‌లో ఒక్కసారి ఆ నంబరు ఇస్తే చాలు.

రౌటర్‌కు తెలియకుండా ప్రింటర్‌లోనే నంబరు వేస్తే, రౌటర్ అదే నంబరును ఇంకో ఫోనుకు ఇచ్చే ప్రమాదం ఉంది. అప్పుడు ఇంటికి చేసిన వీడియో కాల్ మధ్యలో తెగిపోవచ్చు.

ప్రింటర్, కెమెరా లాంటి కదలని వస్తువులకే ఇలా చేయండి, ఫోన్లను వదిలేయండి. ఆండ్రాయిడ్ 10 (2019), ఐఓఎస్ 14 (2020) నుంచి ఫోన్లు వైఫైలో అసలు మ్యాక్‌కు బదులు వేరేది చూపిస్తున్నాయి.

దీనివల్ల నెట్ వేగం పెరగదు. 192.168తో మొదలయ్యే అడ్రసులు గది లోపలి వాడకానికే. కంపెనీలు డబ్బు తీసుకుని ఇచ్చే స్టాటిక్ ఐపీ వేరు.

చివరిగా, ఏ వస్తువుకు ఏ నంబరు ఇచ్చారో కాగితం మీద రాసి ఉంచండి. రౌటర్ పాస్‌వర్డు ఇద్దరికైనా తెలిసి ఉండాలి. తెలిసిన ఒక్కడూ సెలవు మీద ఊరెళ్తే మిగతా గది అంతా అతని ఫోను కోసం ఎదురుచూడాల్సి వస్తుంది.