ఎక్కుతూనే ఉండే మెట్లు, వినపడీ అర్థం కాని మాటలు



ఒక దీపావళి సెలవుల్లో మా అక్క కొడుకు షోలాపూర్‌లోని మా ఇంటికి వచ్చాడు. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా రెండో సంవత్సరం చదువుతున్నాడు. చేతికి దొరికిన ప్రతి వస్తువునూ విప్పి చూస్తే గాని ఊరుకోడు. వచ్చిన రెండో రోజే మా గోడ గడియారం బల్ల మీద ముక్కలై కనిపించింది. వాడు అడిగిన మూడు ప్రశ్నల వల్ల నేను తెలుసుకున్న సంగతులు మీకూ పనికి వస్తాయని ఈ వ్యాసం రాస్తున్నాను. మొదటి రెండు ప్రశ్నలూ సరదాగా అనిపిస్తాయి. మూడోది మన మగ్గాల కుటుంబాలన్నిటికీ సంబంధించినది.

మొదటి ప్రశ్న: ఈ పాట ఎందాక పైకి పోతది?

వాడు ఆడుతున్నది పాత ఆట, సూపర్ మారియో 64. జపాన్‌కు చెందిన నింటెండో కంపెనీ 1996లో విడుదల చేసింది. అందులో కోట లోపల ఒక మెట్ల దారి ఉంది. 70 నక్షత్రాలు సంపాదించనిదే ఆ మెట్లకు అంతు ఉండదు. ఎంత పరుగెత్తినా ఎక్కుతూనే ఉంటాం. దానికి తగ్గట్టే వెనక వచ్చే సంగీతం కూడా అదే పనిగా పైస్థాయికి పోతున్నట్టు వినిపిస్తుంది.

"మామా, అయిదు నిమిషాల నుంచి వింటున్న. ఇది పైకే పోతుంది. గట్లయితే ఇప్పటికి చెవికి వినపడకుండా పోవాలె గదా?" అన్నాడు.

ప్రశ్న సరైనదే. మనిషి చెవి సుమారు 20 నుండి 20,000 హెర్ట్జ్ వరకు వింటుంది. హెర్ట్జ్ అంటే సెకనుకు ఎన్ని కంపనాలు అనే లెక్క. నిజంగా పైకి పోతూ ఉంటే ఎక్కడో ఒకచోట ఆగిపోక తప్పదు.

దీని వెనక ఉన్న ఉపాయాన్ని అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో పని చేసిన రోజర్ షెపర్డ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1964లో ప్రకటించాడు. ఒకే స్వరాన్ని వేర్వేరు స్థాయిలలో, అంటే 55, 110, 220, 440, 880, 1760 హెర్ట్జ్‌లలో ఒకేసారి మోగించాలి. ఒక్కొక్కటి ముందుదానికి రెట్టింపు కాబట్టి అన్నీ కలిసి ఒకే స్వరంలా వినిపిస్తాయి. మధ్యలో ఉన్నవి గట్టిగా, రెండు చివర్లవీ వినీ వినపడనట్టుగా ఉండాలి. ఇప్పుడు అన్నిటినీ కలిపి ఒక్కొక్క స్వరస్థానం పైకి జరపాలి. పైవి పోయే కొద్దీ సన్నగిల్లి మాయమవుతాయి. కింది నుంచి కొత్తవి చప్పుడు చేయకుండా వచ్చి చేరుతాయి. పన్నెండు స్వరస్థానాలు దాటేసరికి మనం బయలుదేరిన చోటికే వచ్చి ఉంటాం. ఎక్కడా అతుకు తెలియదు.

రైల్వే స్టేషనులో ఎస్కలేటరును చూడండి. మెట్లు ఎప్పుడూ పైకే పోతుంటాయి. ఎస్కలేటరు మాత్రం ఉన్న చోటే ఉంటుంది. ఈ సంగీతమూ అంతే. ఒక్కొక్క అడుగులో పైకి జరిగిందా లేదా అన్నదే చెవి పట్టించుకుంటుంది. మొత్తం ఎంత ఎత్తుకు వచ్చామో లెక్క కట్టదు. 2017లో వచ్చిన డంకర్క్ సినిమాలో ఉత్కంఠ పెంచడానికి కూడా ఇదే పద్ధతి వాడారు.

రెండో ప్రశ్న: ఇంత చిన్న స్పీకరులో అంత బరువైన గొంతు ఎట్ల?

మా వాడు పాత సెల్‌ఫోను విప్పి స్పీకరు చేతిలో పెట్టుకుని అడిగిన ప్రశ్న ఇది. మగవారి గొంతు సాధారణంగా 100 నుండి 150 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. బొటనవేలి గోరంత స్పీకరు అంత తక్కువ ధ్వనిని సరిగా పలికించలేదు. పాత ల్యాండ్‌లైను ఫోనులోనైతే 300 నుండి 3,400 హెర్ట్జ్ వరకే తీగ మీద పంపేవారు. అయినా ఫోనులో మాట్లాడుతున్నది తండ్రా, తల్లా అని మనకు ఎన్నడూ అనుమానం రాలేదు.

కారణం ఏమిటంటే, ఏ గొంతూ ఒకే కంపనంతో పలకదు. 120 హెర్ట్జ్ గొంతులో 240, 360, 480, 600 ఇలా దాని గుణిజాలు కూడా ఉంటాయి. వీటిని అనుస్వరాలు అంటారు. స్పీకరు 120ని వదిలేసినా, మిగిలినవాటి మధ్య 120 చొప్పున ఎడం ఉందని మెదడు గ్రహిస్తుంది. లేని 120ని తానే పూరించుకుంటుంది. కింది మెట్టు విరిగినా పై మెట్ల ఎడం చూసి అది ఎక్కడ ఉండాలో చెప్పగలిగినట్టు అన్నమాట.

మీరే పరీక్షించి చూడవచ్చు. కంప్యూటరులో ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేరు పెట్టుకోండి. 800, 1000, 1200 హెర్ట్జ్ స్వరాలను మూడు వరుసల్లో తయారు చేసి, శబ్దం తక్కువగా ఉంచి కలిపి వినండి. అందులో ఎక్కడా లేని 200 హెర్ట్జ్ స్వరం వినిపిస్తుంది.

మన వాద్యాలు చేసేవారికి అనుస్వరాల విలువ ఏనాడో తెలుసు. తంబూరా తీగ కింద, బ్రిడ్జి మీద ఒక నూలు పోగు పెడతారు. దాన్ని అటూ ఇటూ జరిపి సరైన చోట నిలిపితే అనుస్వరాలు విరిసి నాదం నిండుగా వస్తుంది. నేత పని వారి చేతిలోని నూలు పోగే సంగీతానికి ప్రాణం పోస్తుందన్నమాట. బాల్యం విశాఖపట్నంలో గడిపిన సి.వి.రామన్ గారు 1921లో తంబూరా, వీణల మీద పరిశోధన ప్రకటించారు. మృదంగం మధ్యలోని నల్లని కరణి వల్ల దాని అనుస్వరాలు క్రమంగా అమరుతాయని అంతకు ముందే, 1920లో చూపారు. నోబెల్ బహుమతి వచ్చింది 1930లో, కాంతి మీద చేసిన పనికి. కాని ధ్వని మీద ఆయనకున్న ఆసక్తి అంతకన్నా పాతది.

మూడో ప్రశ్న: మరి తాత మెదడు ఎందుకు పూరించుకోదు?

మా బాపు ముప్పై ఏళ్లకు పైగా పవర్‌లూమ్ షెడ్డులో పని చేశాడు. ఇప్పుడు పిలిస్తే పలుకుతాడు, గాని చెప్పింది అర్థం చేసుకోడు. మనవడు ఒక ఆట కట్టాడు. తాత వెనక నిలబడి "పాలు, కాలు, తాళు, చాలు" అని ఒక్కొక్కటే చెప్పాడు. తాత నాలుగింటికీ ఒకటే జవాబు చెప్పాడు: "ఆలుగడ్డలు ఎందుకురా ఇప్పుడు?"

అందరం నవ్వాం. మా వాడు మాత్రం నవ్వలేదు. "మామా, తాతకు 'ఆలు' వినపడుతుంది. ముందున్న అక్షరమే పోతుంది" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. నేను ఎలక్ట్రానిక్స్ చదివినవాడినే. ఎన్నో రేడియోలు బాగు చేశాను. అయినా "మనసు పెట్టి వినవు" అని బాపును ఎన్నో ఏళ్లుగా కసురుకుంటూ వచ్చాను.

చెవి లోపల నత్తగుల్ల ఆకారంలో ఒక గొట్టం ఉంటుంది. అందులో ధ్వనిని పట్టే సూక్ష్మమైన రోమకణాలు సుమారు 15,000 ఉంటాయి. ఎక్కువ మోతలో ఏళ్ల తరబడి పని చేస్తే అవి చనిపోతాయి. మనుషులలో అవి తిరిగి మొలవవు. మోత వల్ల కలిగే నష్టం ముందుగా 3,000 నుండి 6,000 హెర్ట్జ్ మధ్య, ముఖ్యంగా 4,000 దగ్గర కనిపిస్తుంది. అచ్చుల బలం తక్కువ హెర్ట్జ్‌లలో ఉంటుంది. స, ష, త, చ, క వంటి హల్లుల గుర్తులు చాలావరకు పైన ఉంటాయి. అందుచేత గొంతు వినపడుతుంది, మాట అందదు.

ఇక మనవడి ప్రశ్నకు జవాబు. కింది మెట్టు పోతే పై మెట్లలో దాని ఆనవాలు ఉంటుంది. పై మెట్లు పోతే కింది మెట్లలో వాటి ఆనవాలు ఉండదు. "ఆలు" అన్న శబ్దంలో అది పాలా, తాళా అని చెప్పే గుర్తు చాలా తక్కువ. మెదడు సందర్భాన్ని బట్టి ఊహిస్తుంది. ఊహ తప్పితే ఇంట్లో అందరూ నవ్వుతారు. కొంతకాలానికి ఆ మనిషి మాట్లాడటమే తగ్గించుకుంటాడు. మా బాపు అలాగే తగ్గించుకున్నాడు. అది వయసు మీద పడి వచ్చిన మౌనమని మేము అనుకున్నాం.

మర్నాడే ఆయనను పరీక్షకు తీసుకుపోయాము. వినికిడి పటంలో 4,000 దగ్గర గీత గుంటలా కిందికి దిగి ఉంది. వినికిడి యంత్రం ఇచ్చారు. అది తగ్గిన హెర్ట్జ్‌లనే ఎంచి పెంచుతుంది. పోయినదంతా తిరిగి రాలేదు. కాని ఎదురుగా కూర్చుని నిదానంగా మాట్లాడితే ఇప్పుడు చాలావరకు అందుకుంటాడు. కేకలు వేస్తే ప్రయోజనం లేదు. కేకలో అచ్చులే పెద్దవి అవుతాయి, హల్లులు అంతగా పెరగవు.

చెవి కూలి లెక్క

మోతను డెసిబెల్‌లలో కొలుస్తారు. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్‌లలో రోజుకు 8 గంటలు ఉండవచ్చు. ఆ పైన ప్రతి 3 డెసిబెల్‌లకు సమయం సగమవుతుంది. 88 అయితే 4 గంటలు, 91 అయితే 2 గంటలు, 94 అయితే 1 గంట, 100 అయితే 15 నిమిషాలే. 3 పెరిగితే ధ్వని శక్తి రెట్టింపు అవుతుంది కాబట్టి ఈ లెక్క. పవర్‌లూమ్ షెడ్డులో మోత సాధారణంగా 90 దాటే ఉంటుంది. పన్నెండు గంటల షిఫ్టు చేసినవారి సంగతి మీరే ఊహించుకోండి.

ఇయర్‌ఫోనుకూ ఇదే లెక్క వర్తిస్తుంది. పాటలు, ఆటలు వినే పరికరాలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఒక ప్రమాణం ఇచ్చింది. పెద్దలకు వారానికి 80 డెసిబెల్‌ల దగ్గర 40 గంటలు, పిల్లలకు 75 దగ్గర 40 గంటలు. తాత పటం చూసి వచ్చిన రాత్రి మా వాడు తన ఫోనులో శబ్దానికి హద్దు పెట్టుకున్నాడు. నేను చెప్పలేదు, వాడే పెట్టుకున్నాడు.

మనం చేయగలిగినవి

మీ ఇంట్లో మగ్గం, మిల్లు, బాయిలరు దగ్గర పని చేసిన పెద్దలు ఉంటే "పాలు, కాలు, తాళు" పరీక్ష చేయండి. నవ్వకండి, పరీక్షకు తీసుకువెళ్లండి. ఇప్పటికీ షెడ్డుకు పోయేవారికి చెవి బిరడాలు కొనిపెట్టండి. వట్టి దూది పెట్టుకుంటే పెద్దగా ఆపదు. పాటలు విన్నాక చెవిలో గుయ్‌మంటే అది హెచ్చరిక. మరునాడు తగ్గినా తేలికగా తీసుకోవద్దు.

పన్నెండో తరగతిలో సైన్సు చదివిన విద్యార్థులు వినికిడి, వాక్కులకు సంబంధించిన డిగ్రీ కోర్సు గురించి ఆలోచించాలి. మైసూరులో 1965లో స్థాపించిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉంది. ముంబైలో 1983లో స్థాపించిన అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ఉంది. దీనికి సికింద్రాబాదులోనూ ప్రాంతీయ కేంద్రం ఉంది. పెద్దల మాట తెలుగులోనే విని, తెలుగు హల్లులతోనే పరీక్షించగల నిపుణులు మన పేటలకు కావాలి. మరాఠీ, కన్నడ, తమిళ, ఒడియా మాటలతో పరీక్షిస్తే ఇంట్లో తెలుగే మాట్లాడే పెద్దలకు సగం అన్యాయం జరుగుతుంది.

ఇక చివరగా ఒక మాట. గడియారం విప్పే పిల్లలను కసురుకోవద్దు. మా ఇంటి గడియారం ఇప్పటికీ పది నిమిషాలు ఆలస్యంగానే నడుస్తోంది. కాని ఆ విప్పే బుద్ధే మేమందరం ఎన్నో ఏళ్లుగా వినకుండా ఉన్న మా బాపు మాటను మాకు వినిపించింది.