ఏకచక్ర గమనం: మోటార్ సైకిల్ వీలీ వెనుక ఉన్న భౌతికశాస్త్రం

ఇంజను ఉత్పత్తి చేసిన బలంతో మోటార్ సైకిల్ ముందు చక్రాన్ని నేల నుంచి పైకి లేపి, వెనుక చక్రం ఒక్కదాని ఆధారంతో, అదుపు తప్పకుండా కొంత దూరం నడపడాన్ని వీలీ అంటారు. శాస్త్రపరిభాషలో దీనిని ఏకచక్ర గమనం అని పిలుచుకుందాం. ఈ నిర్వచనంలో ప్రాణప్రదమైన మాట ‘అదుపు’. గతుకు మీద ముందు చక్రం ఎగిరిపడితే అది ఏకచక్ర గమనం కాదు. క్లచ్‌ను ఒక్కసారిగా వదిలినందువల్ల బండి లేచి వెంటనే దభీమని కిందపడినా అది ఏకచక్ర గమనం అనిపించుకోదు. లేవడం వేరు, లేచిన స్థితిలో నిలవడం వేరు. మొదటి దశను ఉత్థానమనీ, రెండవ దశను సంతులనమనీ, చక్రాన్ని మెల్లగా నేలకు దింపే చివరి దశను అవరోహణమనీ వర్గీకరించుకుంటే తరువాతి చర్చ సుగమమవుతుంది.

హనుమకొండలోని సుబేదారి ఈ విషయాన్ని ఆలోచించడానికి తగిన చోటు. కాజీపేట నుంచి హనుమకొండ చౌరస్తాకు సాగే ప్రధాన మార్గం ఇటుగానే పోతుంది. కాకతీయ విశ్వవిద్యాలయానికి చెందిన ఆర్ట్స్ అండ్ సైన్స్ కళాశాల, అదాలత్ కూడలి, పోలీస్ కమిషనరేట్ అన్నీ ఈ పరిసరాల్లోనే ఉన్నాయి. తరగతి గదిలో బల భ్రామకాన్ని (బలం వస్తువును తిప్పే ప్రభావాన్ని) గురించి విన్న విద్యార్థి, సాయంత్రం అదే భ్రామకాన్ని తన బండి హ్యాండిల్ దగ్గర చేతులారా అనుభవిస్తాడు. అయితే ఆ రెండూ ఒక్కటేనని అతనికి ఎవరూ చెప్పకపోవడం మన బోధనలోని లోపమని నా అభిప్రాయం. వీలీ కొట్టాలన్న కుతూహలం 2001లో పల్సర్, 2012లో డ్యూక్ 200 వంటి బండ్లు మన మార్కెట్టులోకి వచ్చిన తరువాత మన ఊళ్ల యువకులలో మరింత పెరిగింది. కుతూహలాన్ని మందలించి ఊరుకోవడం కన్నా దానికి జ్ఞానమనే ఆధారాన్ని అందించడం మేలు.

ముందుగా రెండు కొలతలను నిర్వచించాలి. బండి, నడిపే మనిషి కలిసి ఒక వ్యవస్థ. ఆ వ్యవస్థ భారమంతా కేంద్రీకృతమై ఉన్నట్లు భావించదగిన బిందువు గరిమనాభి. నేల నుంచి దాని ఎత్తు మొదటి కొలత. వెనుక చక్రం నేలను తాకే బిందువు నుంచి గరిమనాభి ఎంత ముందున్నదో తెలిపే క్షితిజ సమాంతర దూరం రెండవ కొలత. ఉదాహరణకు 145 కిలోల బరువున్న 150 సీసీ బండిని 65 కిలోల మనిషి నడుపుతున్నాడని అనుకుందాం. రెండు చక్రాల ఇరుసుల మధ్య దూరాన్ని, అంటే చక్రాంతరాన్ని, 133 సెంటీమీటర్లుగా తీసుకుంటే, గరిమనాభి ఎత్తు సుమారు 67 సెంటీమీటర్లు, వెనుక స్పర్శ బిందువు నుంచి దాని దూరం సుమారు 57 సెంటీమీటర్లు ఉంటుంది. ఇకపై లెక్కలన్నీ ఈ నమూనా బండికే వర్తిస్తాయి.

వెనుక చక్రం నేలను వెనక్కి నెట్టినప్పుడు నేల బండిని ముందుకు నెడుతుంది. ఈ చోదక బలం నేలమట్టంలో పనిచేస్తుంది. గరిమనాభి దానికి 67 సెంటీమీటర్ల ఎత్తున ఉంది. కనుక చోదక బలం బండిని ముందుకు తోయడమే కాక, దాని ముందుభాగాన్ని పైకి తిప్పే భ్రామకాన్ని కూడా కలిగిస్తుంది. దానికి ఎదురుగా, 57 సెంటీమీటర్ల దూరంలో పనిచేసే భారం ముందుభాగాన్ని నేలకు అదిమి ఉంచుతుంది. త్వరణం పెరిగే కొద్దీ ముందు చక్రం మీది భారం వెనుక చక్రానికి బదిలీ అవుతుంది. మొత్తం బదిలీ అయిన క్షణాన ముందు చక్రం నేలను వీడుతుంది. ఇందుకు కావలసిన కనీస త్వరణం, గురుత్వ త్వరణాన్ని ఆ రెండు దూరాల నిష్పత్తితో గుణించగా వచ్చే విలువ. మన ఉదాహరణలో ఆ నిష్పత్తి 0.85, అంటే ప్రతి సెకనుకూ వేగం సెకనుకు 8.3 మీటర్ల చొప్పున పెరగాలి. 210 కిలోల వ్యవస్థకు అంతటి త్వరణం రావాలంటే సుమారు 1,750 న్యూటన్ల బలం అవసరం.

మన 150 సీసీ ఇంజను అంత బలాన్ని ఇవ్వగలదా? అది ఇచ్చే గరిష్ఠ టార్క్ దాదాపు 13 న్యూటన్ మీటర్లు. మొదటి గేరులో పళ్లచక్రాలు, చైన్ స్ప్రాకెట్ కలిసి దానిని సుమారు 30 రెట్లు చేస్తాయి. చక్రం వ్యాసార్ధం 30 సెంటీమీటర్లు కనుక నేల దగ్గర లభించే బలం, ఘర్షణ నష్టాలు పోగా, 1,200 న్యూటన్లకు మించదు. అవసరమైనదానిలో అది మూడింట రెండు వంతులకు కొంచెం ఎక్కువ మాత్రమే. యాక్సిలరేటర్‌ను ఎంత తిప్పినా సాధారణ బండి సమతలమైన రోడ్డు మీద తనంతట తాను లేవకపోవడానికి కారణమిదే.

ఆ లోటును పూరించే విధానాన్ని బట్టి ఉత్థానంలో భేదాలు ఏర్పడ్డాయి. ఇంజను శక్తి ఒక్కదానితోనే లేచే బండ్లది శక్త్యాధార ఉత్థానం. ఇది పెద్ద ఇంజన్లకే సాధ్యం. ముందరి ఫోర్కు స్ప్రింగును అదిమి, అది విచ్చుకునే ఊపును కలుపుకోవడం స్ప్రింగు ఆధార ఉత్థానం. మన యువకులు ఎక్కువగా ఆశ్రయించేది మూడవది, క్లచ్ ఆధార ఉత్థానం. క్లచ్ నొక్కి ఇంజను భ్రమణాలను పెంచినప్పుడు క్రాంక్ షాఫ్టులోనూ దానితో తిరిగే ఫ్లైవీల్‌లోనూ గతిశక్తి నిల్వ అవుతుంది. క్లచ్ ఒక్కసారిగా వదిలితే ఆ నిల్వ అంతా క్షణకాలంలో వెనుక చక్రానికి చేరి, ఇంజను సహజంగా ఇవ్వలేని టార్క్‌ను ఇస్తుంది. హ్యాండిల్‌ను బలంగా లాగడం వల్లనే బండి లేస్తుందన్న నమ్మకం మాత్రం సరికాదు. హ్యాండిల్ మీద చేతులు చూపే బలం వ్యవస్థకు అంతర్గతం. శరీరం వెనక్కి జరిగి గరిమనాభి స్థానం మారినప్పుడే దానికి ఫలితం ఉంటుంది.

ఘర్షణ విషయాన్ని కూడా విస్మరించరాదు. చక్రం లేచే క్షణంలో టైరుకూ రోడ్డుకూ మధ్య కనీసం 0.85 ఘర్షణ గుణకం ఉండాలి. పొడి తారురోడ్డు మీద అది దొరకవచ్చు; ఇసుక చల్లిన మలుపులోనో, వానకు తడిసిన సిమెంటు రోడ్డు మీదనో దొరకదు. అక్కడ ముందు చక్రం లేవకపోగా వెనుక చక్రమే పక్కకు జారిపోతుంది.

ఇప్పుడు సంతులనానికి వద్దాం. ఈ విద్య సారమంతా ఇక్కడే ఉంది. లేచిన బండి వెనుక ఇరుసు చుట్టూ తిరుగుతుంది. గరిమనాభి ఆ ఇరుసుకు సరిగ్గా పైకి వచ్చినప్పుడు భారం ముందుకూ లాగదు, వెనక్కూ లాగదు. ఆ స్థితిలో బండి వంపును సంతులన కోణం అంటారు. ఇరుసు నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తున ఉంది కనుక, మన నమూనా బండికి ఈ కోణం సుమారు 57 డిగ్రీలు. కొత్తవారు పదీ ఇరవై డిగ్రీల దగ్గరే ఆగిపోయి, చక్రాన్ని నిలపడానికి ఎడతెగకుండా యాక్సిలరేటర్ పెంచుతారు. వేగం హద్దు దాటుతుంది, ఇంజను భ్రమణాలు శిఖరానికి చేరి టార్క్ తగ్గిన క్షణంలో చక్రం కూలుతుంది. సంతులన కోణానికి చేరినవారికైతే శక్తితో దాదాపు పని లేదు. 1991 మే 5న జపాన్‌లోని త్సుకుబాలో యసుయుకి కుడో 331 కిలోమీటర్లు ఆగకుండా ఏకచక్ర గమనం సాగించినది 220 సీసీ తరగతికి చెందిన హోండా ట్రయల్ బండి మీదనే. అంతకు ఏడేళ్ల ముందు అమెరికాలోని టాలడేగా పందెపు మార్గంలో డగ్ డోమోకోస్ 145 మైళ్లు, అంటే సుమారు 233 కిలోమీటర్లు సాగాడు. వారిని అంత దూరం తీసుకుపోయినది అశ్వశక్తి కాదు, సంతులనం.

అయితే సంతులన కోణం అస్థిర సమతాస్థితి. అరచేతిలో నిలువుగా నిలిపిన కర్ర ఏ వైపు కాస్త ఒరిగినా ఆ వైపే మరింత ఒరిగినట్లు, బండి కూడా ఆ కోణం నుంచి తప్పిన కొద్దీ మరింత తప్పుతుంది. మన కొలతలతో లెక్కిస్తే, సరిదిద్దని విచలనం సెకనులో దాదాపు మూడవ వంతు కాలానికి రెండున్నర రెట్లకు పైగా పెరుగుతుంది. ఊహించని సంఘటనకు రోడ్డు మీది మనిషి స్పందించడానికి తరచుగా అంతకన్నా ఎక్కువ సమయమే పడుతుంది. కాబట్టి చూసి, ఆలోచించి, సరిదిద్దుకోవడం అసాధ్యం. సరిదిద్దే చర్య ముందే శరీరానికి అలవడి ఉండాలి.

ఆ చర్య కుడిచేతిది కాదు, కుడికాలిది. వెనుక బ్రేకును నొక్కినప్పుడు నేల చక్రాన్ని వెనక్కి లాగుతుంది. ఆ బలం గరిమనాభికి కింద పనిచేస్తుంది కనుక ముందుభాగాన్ని కిందికి తిప్పుతుంది. యాక్సిలరేటర్ ముందుభాగాన్ని ఎత్తుతుంది, వెనుక బ్రేకు దించుతుంది. ఈ రెండింటి మధ్య నిరంతరం జరిగే స్వల్ప సర్దుబాటునే ఋణ పునర్నివేశం అంటారు. కాలు బ్రేకు మీద లేని మనిషి సంతులన కోణాన్ని దాటితే అతనికి మిగిలేది ఇంజను బలహీనమైన నిరోధం ఒక్కటే. అంతకన్నా దారుణం మరొకటి ఉంది. వెనక్కి పడిపోతున్నానన్న భయంతో అతను హ్యాండిల్‌ను గట్టిగా పట్టుకుంటాడు. శరీరం వెనక్కి జారుతుంటే మణికట్టు దానితోపాటు తిరిగి యాక్సిలరేటర్‌ను ఇంకా తెరుస్తుంది. తప్పును తగ్గించవలసిన చేయి తప్పును పెంచుతుంది. ఇది ధన పునర్నివేశం. వెనక్కి తిరగబడి పడేవారు ఎక్కువగా ఇలాగే పడతారు.

అందువల్ల నేర్చుకునే క్రమం సామాన్యుల ఊహకు విలోమంగా ఉండాలి: ముందు దించడం, తరువాత లేపడం. సైకిలుతో ఆరంభించడం ఉత్తమం. అదే అస్థిర సమతాస్థితి, అదే వెనుక బ్రేకు, కానీ వేగమూ బరువూ తక్కువ కనుక తప్పినవాడు కాళ్ల మీద నిలవగలడు. ఆ తరువాతి మెట్టు అనుభవజ్ఞుడైన శిక్షకుడి సమక్షంలో, పూర్తి రక్షణ కవచాలతో, జనసంచారం లేని మూసిన మైదానంలో మాత్రమే ఎక్కదగినది. యంత్రం కూడా ఇందుకు సిద్ధమై ఉండాలి. బండి ఎక్కువసేపు నిలువుగా ఉంటే ఇంజను ఆయిల్ వెనక్కి చేరి, పంపు నూనెకు బదులు గాలిని పీల్చే ప్రమాదం ఉంది. అవరోహణం మోటుగా జరిగితే ఫోర్కు ఆయిల్ సీళ్లు, హ్యాండిల్ కింది కోన్‌సెట్ దెబ్బతింటాయి. వాటి నష్టం ఆ రోజు కాక, కొన్ని వారాల తరువాత మామూలు ప్రయాణంలో బయటపడుతుంది.

రద్దీ రోడ్డు మీద ఈ విద్య ఎందుకు తగదో ఈ సూత్రాలే చెబుతాయి. బండికి దిశను చూపేదీ, సాధారణంగా నిరోధంలో అధికభాగం వహించేదీ ముందు చక్రమే. అది గాలిలో ఉన్నంతసేపు హ్యాండిల్ తిప్పినా బండి తిరగదు, ముందు బ్రేకు పట్టినా ఆగదు. అదాలత్ దగ్గర ఆటో ఒకటి అడ్డం తిరిగితే, ఎంతటి నిపుణుడైనా ముందు చక్రాన్ని నేలకు దించిన తరువాతే తప్పుకోగలడు. ఆ లోపల బండి ఎన్నో మీటర్లు సాగిపోతుంది. 2023 సెప్టెంబరు 17న కాంచీపురం సమీపంలోని జాతీయ రహదారి మీద, లక్షలాది అభిమానులున్న ఒక తమిళ యువకుడు శక్తిమంతమైన బండితో వీలీ చేయబోయి పడి చేయి విరగ్గొట్టుకున్నాడు. రవాణా అధికారులు అతని లైసెన్సును 10 సంవత్సరాలపాటు నిలిపివేశారు. మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ ప్రకారం, 2019 సవరణ తరువాత, ప్రమాదకర డ్రైవింగుకు మొదటిసారే 6 నెలల నుంచి ఏడాది వరకు జైలు, లేదా 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. నడిపినది మైనరైతే 199ఏ సెక్షన్ కింద తల్లిదండ్రులు లేదా యజమాని 3 సంవత్సరాల వరకు జైలుకూ, 25,000 రూపాయల జరిమానాకూ బాధ్యులవుతారు.

వీలీ జోలికి ఎన్నడూ పోనివారికి కూడా ఈ శాస్త్రం అవసరమే. బండి మీద ముగ్గురు కూర్చున్నప్పుడు వెనుకనున్న మూడో మనిషి భారం వెనుక ఇరుసును దాటి పడుతుంది. అందరూ 65 కిలోలవారైతే గరిమనాభి దూరం 57 నుంచి 34 సెంటీమీటర్లకు తగ్గుతుంది, ఎత్తు 80 దాటుతుంది. ముందు చక్రం వహించే భాగం 43 శాతం నుంచి 26 శాతానికి పడిపోతుంది. ఎత్తైన ఫ్లైఓవర్ ఎక్కుతూ క్లచ్ తొందరగా వదిలితే కోరని ఏకచక్ర గమనం సంభవించగలదు. వెనుక పాలక్యాన్లు, ధాన్యం బస్తాలు కట్టుకుని వచ్చే రైతుకూ ఇదే లెక్క వర్తిస్తుంది. బరువును ఇరుసుకు ముందుకు, వీలైనంత కిందికి జరిపితే ఆ ముప్పు తగ్గుతుంది.

సుబేదారి కళాశాలలోనూ, ఇతర కళాశాలల్లోనూ భౌతికశాస్త్రం బోధించే అధ్యాపకులకు ఒక విన్నపం. విద్యార్థులచేత వారి బండి గరిమనాభిని కొలిపించండి. బండిని నిటారుగా పట్టుకుని, ఒక్కొక్క చక్రాన్ని ఒక్కొక్క కాటా మీద ఉంచి తూకం తీస్తే వెనుక స్పర్శ బిందువు నుంచి గరిమనాభి దూరం తేలుతుంది. ముందు చక్రాన్ని గట్టి దిమ్మె మీదికి ఎత్తి, వెనుక తూకంలో వచ్చిన మార్పును చూస్తే గరిమనాభి ఎత్తు తేలుతుంది. ఇందుకు రెండు కాటాలు, ఒక దిమ్మె, ఒక టేపు చాలు. ఒక ప్రాక్టికల్ తరగతిలో ఈ ప్రయోగం పూర్తవుతుంది.