కనీస వేతనము – దేశానికంతటికీ ఒక్క అంకె

మాబోటి గుమాస్తాలకు జీతపు స్కేలున్నది, కరువు భత్యమున్నది. బీడీలు చుట్టేవారికి, రాళ్లు కొట్టేవారికి ఏమున్నది? ఇంతకంటె తక్కువ ఇవ్వరాదని చెప్పే ఒక అంకె ఉన్నది. ఆ అంకె కథ మన పాఠకులకు చెప్పవలెనని చాలా కాలంగా అనుకొంటున్నాము.

కనీస వేతనాల బిల్లును 1946 లో కేంద్ర శాసనసభలో పెట్టినవారు అప్పటి కార్మిక సభ్యులు అంబేద్కరుగారు. అది చట్టమైనది 1948 లో. అందులో రేటు లేదు. బీడీలు, బియ్యపు మిల్లులు, రోడ్డు పనులు, వ్యవసాయము – ఇట్లా పట్టికలో చేరిన పనులకు ప్రభుత్వాలే రేటు కట్టవలెను. అయిదేండ్లు మించకుండా తిరిగి చూడవలెను. అందుచేత హోసూరులో ఒక రేటు, సరిహద్దు దాటి అత్తిబెలెలో మరొక రేటు. పట్టికలో లేని పనికి రేటే లేదు.

బరంపురములో పుట్టిన మన వి.వి. గిరిగారు 1952 లో కేంద్ర కార్మికమంత్రి అయినారు. బ్యాంకు ఉద్యోగుల వేతనాల తీర్పును ప్రభుత్వము మార్చగా, 1954 లో పదవినే వదలుకొన్నారు.

రేటు దేనినిబట్టి కట్టవలెననేది 1957 లో 15వ భారత కార్మిక సమావేశము తేల్చినది. ఒక్కరి సంపాదనతో భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు బ్రతకవలెను. తిండి విషయములో పురుషునికి ఒక వంతు, ఇల్లాలికి 0.8, పిల్లలకు తలకు 0.6 – వెరసి మూడు వంతులు. ఒక్కొక్క వంతుకు దినానికి 2,700 కాలరీలు. ఇంటిల్లిపాదికీ ఏడాదికి 72 గజాల బట్ట. పైన ఇంటి అద్దె. వంటచెరకు, దీపము వగైరాలకు మొత్తములో నూటికి 20. ఇంటెడు చాకిరీ చేసే ఇల్లాలికి రెండు పాళ్లు తక్కువ చాలునని ఎవరు తూచి చూచారో తెలియదు! ముసలి తల్లిదండ్రులకైతే ఆ లెక్కలో పీటే వేయలేదు. పిల్లల చదువు, వైద్యము, పండుగలు, వృద్ధాప్యము – వీటికి మరొక పాతిక వంతు కలపవలెనని సుప్రీంకోర్టు 1991 లో చెప్పినది. అంతకుముందే, ఢిల్లీ ఏషియాడ్ నిర్మాణపు కూలీల కేసులో 1982 లో, కనీస వేతనము కంటె తక్కువ ఇచ్చి పని చేయించుకొనుట వెట్టిచాకిరీయే అని అదే కోర్టు తేల్చినది.

అయితే దేశమంతటికీ ఒకే అంకె మాట? అది సాధ్యమూ కాదు, వాంఛనీయమూ కాదని గజేంద్రగడ్కరుగారి కమిషను 1969 లో అన్నది. చివరకు గ్రామీణ కార్మికుల కమిషను 1991 లో చేసిన సిఫారసు మీద, 1996 లో దినానికి 35 రూపాయలని కేంద్రము ప్రకటించినది. 1999 లో 45, 2004 లో 66, 2009 లో 100, 2013 లో 137, 2017 లో 176. అంకె పెరిగినది గాని దానికి చట్టబలము లేదు. రాష్ట్రాలకు అది సలహా మాత్రమే. పాటించకపోతే అడిగేవారు లేరు. 2019 లో ఒక నిపుణుల సంఘము మూడు వంతులను 3.6 చేసి, దినానికి 375 రూపాయలు కావలెనని లెక్క తేల్చినది. 176 ఎక్కడ, 375 ఎక్కడ! ప్రభుత్వము ఆ లెక్కను అమలు చేయలేదు.

అదే ఏడు పార్లమెంటు వేతనాల కోడును ఆమోదించినది. అమలులోకి వచ్చినది మాత్రము 2025 నవంబరు 21 న. పట్టికలోని పనులకే అనే హద్దు పోయినది. కేంద్రము కట్టే అంకెకు దిగువన ఏ రాష్ట్రమూ రేటు కట్టరాదు. అంతకుముందే ఎక్కువ ఇస్తున్నచోట తగ్గించరాదు.