మినుములో కాపలా ఉన్నా పుచ్చు ఎలా పడుతోంది?

కొత్తపేట: వరి కోసిన చేలో పండిన మినుము ఇంటికి చేరి నాలుగు నెలలు కాకుండానే డబ్బాలో పుచ్చు కనిపిస్తే, ఇల్లాలి ప్రాణం ఎంత ఉసూరుమంటుందో చెప్పనక్కరలేదు. చిత్రమేమిటంటే, పురుగును అడ్డుకునే మందు ఆ గింజలోనే ఉంది.

అదొక మాంసకృత్తు. పురుగైనా, కోడైనా, మనిషైనా తిన్న మాంసకృత్తులను ముక్కలు చేయడానికి ట్రిప్సిన్ వంటి జీర్ణరసాలు కత్తెరల్లా పనిచేస్తాయి. గింజలోని ఈ పదార్థం ఆ కత్తెర నోట్లో ఇరుక్కుని కదలదు. ఇక తిన్నది ఒంటపట్టదు. పచ్చి సోయా పిండి మేపిన కోళ్లు ఎదగకపోవడానికి ఒక కారణమిదే. దాణాలో కలిపే సోయా పిండిని ముందుగా వేడిచేసేది అందుకే. పప్పు నానబెట్టి, మెత్తగా ఉడికించుకునే మనకు బెంగలేదు.

సోయా నుంచి ఇలాంటి దాన్ని 1945లో కునిట్జ్ అనే శాస్త్రవేత్త స్ఫటికాలుగా తీశాడు. మన మినుము, కంది గింజల్లోని వాటిని వేరుచేసి, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో కె. పద్మశ్రీ బృందం 2010లో వివరాలు ప్రకటించింది. ఇలాంటి పనిలో ఒక ఉపాయం ఉంది. ట్రిప్సిన్‌ను సన్నని పూసలకు అతికించి గొట్టంలో నింపుతారు. పైనుంచి గింజల సారం పోస్తే, ఈ మాంసకృత్తు పూసలను పట్టుకుంటుంది, మిగతావి కిందికి జారిపోతాయి. తర్వాత ఆమ్లంతో కడిగి దాన్ని విడదీస్తారు. ఎరవేసి చేపను పట్టినట్టే!

అయితే పురుగు కూడా తక్కువది కాదు. శనగపచ్చ పురుగు కడుపులోని రసాలు శనగ గింజలోని ఈ కాపలాదారునే కోసేయగలవని పుణె జాతీయ రసాయన ప్రయోగశాల వారు 1998లో చూపారు. అందుకే పద్మశ్రీ బృందం అడవి కంది వైపు తిరిగింది. ఆ జాతుల్లో ఒకదాని గింజల నుంచి తీసిన పదార్థం శనగపచ్చ పురుగు జీర్ణరసాలను అడ్డుకుంటోందని 2016లో వెల్లడించింది.

ఇక మన డబ్బాలోని పెంకు పురుగు సంగతి. దాని కత్తెరే వేరు. అది మాంసకృత్తులను అరిగించుకునేది ముఖ్యంగా ట్రిప్సిన్‌తో కాదు, మరో జాతి రసాలతో. మినుములోని తాళం వాటికి సరిపోదు. కనుక గింజను కరకరలాడేలా ఎండబెట్టి, చల్లారాక గట్టి మూత బిగించే పని ఇంకా మనదే.