పశువు ఈసుకుపోయినచో మనిషికి జ్వరమేల?



చూడి పశువు నెలలు నిండకముందే ఈసుకుపోయినచో, నష్టము దూడతోను పాలతోను తీరదు. కారణము బ్రూసెల్లా అను సూక్ష్మజీవి యైనయెడల, మాయను వట్టిచేతులతో తీసిన మనిషికి కూడ రోగము సోకవచ్చును. కాచని పాలవలనను సోకును. మాల్టా ద్వీపమున జ్వరముతో మరణించిన సైనికుల ప్లీహములో ఈ జాతి సూక్ష్మజీవిని కనుగొన్నట్లు డేవిడ్ బ్రూస్ అను వైద్యుడు 1887లో ప్రకటించెను.

మన శరీరములోని తెల్లకణములు చేనికి కావలివాండ్రవంటివి. లోపలికి వచ్చిన సూక్ష్మజీవిని మ్రింగి, ఒక సంచిలో బంధించి, ఘాటైన రసములతో చంపును. బ్రూసెల్లా పైపొర అంతగా అలజడి కలిగించదు. కావున కావలి వెంటనే మేల్కొనదు. మ్రింగబడిన వానిలో చాల భాగము చచ్చును. మిగిలినవి తామున్న సంచిలోనికి ఆ రసములు రాకుండ తప్పించుకొని, ఆ కణములోనే వృద్ధిపొందును. గాదెకు కాపున్న పిల్లి కడుపులోనే ఎలుక కాపురము పెట్టినట్లు! రక్తములోని ప్రతిరక్షకములు అచటికి చేరజాలవు.

అందువలననే జ్వరము తగ్గి మరల వచ్చుచుండును. కీళ్లనొప్పులు, చెమటలు, నీరసము నెలల తరబడి వేధించును. వైద్యులు సామాన్యముగా రెండు మందులు కలిపి కనీసము 6 వారములు ఇత్తురు. జ్వరము తగ్గినదని మధ్యలో మానరాదు.

చేయవలసిన పనులు:

1. పడిన పిండమును, మాయను చేతితొడుగులతోనే తీసి, సున్నము చల్లి లోతుగా పూడ్చవలెను. కుక్కలకు వేయరాదు.

2. పాలు పొంగువరకు కాచియే త్రాగవలెను.

3. 4–8 నెలల పెయ్యదూడలకు ఒక్కసారి టీకా వేయించవలెను. 2019లో ప్రారంభమైన జాతీయ పథకము క్రింద ఇది ఉచితము.

4. పశువు ఈసుకుపోయిన పిమ్మట మీ యింట ఎవరికైన జ్వరము వచ్చినచో, ఆ సంగతి వైద్యునికి తప్పక చెప్పుడు. చెప్పనిదే ఆయన మలేరియా యనియో, టైఫాయిడ్ యనియో తలంపవచ్చును.